నీకెలా తెలుసు?



బడి వదిలాక నలుగురు ఒకచోట చేరితే జంతువుల కబుర్లు రాకుండా ఉండవు. "కోడి నీళ్ళు తాగుతూ తల పైకెత్తేది దేవుడికి దణ్ణం పెట్టటానికే" అని ఒకరంటారు. "కోడి చెవి చూసి గుడ్డు రంగు చెప్పవచ్చు" అని ఇంకొకరంటారు. "నాగుపాముకు పాలంటే ప్రాణం" అని మూడోవారంటారు. వినటానికి అన్నీ బాగానే ఉంటవి. కాని వీటిలో నిజమేది, ఉత్తమాట ఏది?

అది తేల్చటానికి ఈ నెల మీకొక ఆట చెబుతాను. ఒకరు ఏదైనా జంతువును గురించి ఒక సంగతి చెప్పాలి. ఎదుటివారు వెంటనే "నీకెలా తెలుసు?" అని అడగాలి. "నేను చూశాను" అంటే రెండు మార్కులు. "ఫలానావారు చూసి చెప్పారు" అంటే ఒక మార్కు. "అందరూ అంటారు" అంటే సున్న!

ఈ ఆటకు జహీరాబాదు పల్లెలు తగిన చోటు. జహీరాబాదు ఎక్కడుందంటారా? తెలంగాణలోని సంగారెడ్డి జిల్లాలో, హైదరాబాదు నుంచి ముంబయి పోయే దారిలో, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉంది. చుట్టుపక్కల చేలలో జొన్న, కంది, కొర్ర పండిస్తారు. వాకిళ్ళలో కోళ్ళూ మేకలూ తిరుగుతుంటవి. అక్కడికి దగ్గరలోని మాచ్‌నూరులో 2008 అక్టోబరు 15న "సంఘం రేడియో" మొదలైంది. అందులో మాట్లాడటానికి పట్నం నుంచి పండితులు రానక్కరలేదు. సేద్యం చేసే పల్లె ఆడవాళ్ళే విత్తనాల సంగతులు, పశువుల సంగతులు తమ యాసలో చెబుతారు. చూసినవారే చెప్పటం, మన ఆట కూడా అదే గదా! అటువంటి వాకిట్లో నిలబడి ఆట మొదలు పెడదాం.

ముందు నీళ్ళ సంగతి. కోడి ముక్కుతో నీటిని పీల్చలేదు. అందుకని ముక్కులో కాసిని నీళ్ళు పట్టి, తల ఎత్తి, గొంతులోకి జారనిస్తుంది. నమ్మకం లేకపోతే పావురాన్ని చూడండి. అది ముక్కును నీళ్ళలో ముంచి, తల ఎత్తకుండానే గటగటా పీల్చేస్తుంది. పావురానికి మాత్రం దేవుడి మీద భక్తి లేదంటారా?

ఇక చెవి సంగతి. ఇది సగం నిజం. లెగ్‌హార్న్ కోడికి చెవి తమ్మెలు తెల్లగా ఉంటవి, గుడ్డూ తెల్లగా ఉంటుంది. తమ్మెలు ఎర్రగా ఉండే చాలా జాతులు గోధుమరంగు గుడ్లు పెడతవి. కాని చిలీ దేశపు అరౌకానా కోడి ఉన్నదే, దాని తమ్మెలు ఎరుపు, గుడ్లు నీలం! కనుక "చాలావరకు" అన్న మాట చేర్చి చెబితేనే మార్కు.

చెవికంటె కాళ్ళు మంచి కబురు చెబుతవి. పసుపు కాళ్ళ పెట్ట గుడ్లు పెట్టసాగితే, మేతలోని పసుపురంగు గుడ్డులోని పచ్చసొనకు పోతుంది. నెలల తరబడి పెట్టిన పెట్టకు కాళ్ళు పాలిపోతవి. గుడ్లు మానితే మెల్లగా మళ్ళీ పసుపెక్కుతవి. ఈ పసుపు ఎక్కడిదో తెలుసునా? ఇంటికోళ్ళకు మూలం ఆగ్నేయాసియాలోని ఎర్ర అడవికోడి. దాని కాళ్ళు పసుపు కావు. పసుపు చర్మాన్నిచ్చే జన్యువు మన దక్షిణ భారతంలో తిరిగే బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చిందని శాస్త్రజ్ఞులు 2008లో కనిపెట్టారు.

తెల్లవారింది గనుక కోడి కూస్తుందా? జపానులోని నగోయా విశ్వవిద్యాలయంవారు పుంజులను రాత్రింబవళ్ళు ఒకే మసక వెలుతురులో ఉంచి చూశారు. సూర్యుడు కనబడకపోయినా అవి వేళకు కూశాయి. పుంజు ఒంట్లోనే ఒక గడియారం ఉన్నదని 2013లో తేల్చారు. 2015లో మరో వింత బయటపడింది. గుంపులో పెద్దరికం గల పుంజు ముందు కూస్తుంది, మిగిలినవి హోదాను బట్టి వరుసగా అందుకుంటవి.

కోళ్ళలో హోదా ఉన్నదని లోకానికి చెప్పినవాడు నార్వే దేశపు థోర్‌లీఫ్ షెల్డెరుప్ ఎబ్బే. ఆయన మీ వయసులోనే పెరటి కోళ్ళను చూస్తూ, ఏ కోడి ఏ కోడిని పొడిచిందో నోటుపుస్తకంలో రాసుకునేవాడు. మొదటిది అన్నిటినీ పొడుస్తుంది, రెండవది మొదటిదాన్ని తప్ప తక్కినవాటిని పొడుస్తుంది, చివరిది ఎవరినీ పొడవదు. పెద్దయ్యాక 1921లో ఆ సంగతిని శాస్త్రంగా వివరించాడు.

"అందరూ అంటారు" అన్న మాటకు సున్న ఎందుకో ఇప్పుడు చెబుతాను. పాము తినేది ఎలకలూ కప్పలూ. పాలు దాని ఆహారం కాదు. రోజుల తరబడి నీళ్ళివ్వకుండా ఎండగట్టిన పాము, దాహానికి తాళలేక, ఎదుట పోసిన పాలు తాగుతుంది. అవి దానికి పడవు. జబ్బుచేసి చచ్చిపోవచ్చు కూడా. ఎవరూ ఎదురు ప్రశ్న వేయని ఒక మాటకు నోరులేని జీవి ప్రాణం పోతున్నది.

ఎదురు ప్రశ్న వేస్తే ఏమవుతుందో చూడండి. ఇప్పుడు ఇండోనేషియాలో ఉన్న జావా దీవిలో ఒకప్పుడు బెరిబెరి అనే జబ్బు ఉండేది. కాళ్ళు చచ్చుబడి, గుండె చెడి, ఎందరో చనిపోయేవారు. ఇది ఏదో సూక్ష్మక్రిమి పని అని అందరూ అనుకున్నారు. క్రిస్టియాన్ ఐక్‌మన్ అనే డచ్చి డాక్టరు తన ప్రయోగశాలలోని కోళ్ళకు కూడా కాళ్ళు తడబడటం చూశాడు. కొన్నాళ్ళకు అవి వాటంతటవే కోలుకున్నవి. ఎందువల్ల? అడిగి చూస్తే, జబ్బు పడ్డ రోజులలో వాటికి సైనిక ఆసుపత్రిలో మిగిలిన తెల్లటి పాలిషు బియ్యపు అన్నం పెట్టారట. కొత్తగా వచ్చిన వంటవాడు ఆ అన్నం ఇవ్వనన్నాడు. మళ్ళీ తవుడు పోని బియ్యం వేసేసరికి కోళ్ళు బాగుపడ్డవి. ఆ దారినే పోయి, తవుడులో ఉండే బి1 విటమిను లేకపోవటమే ఈ జబ్బుకు కారణమని శాస్త్రజ్ఞులు తెలుసుకున్నారు. ఎందరో రోగులు బతికారు. 1929లో ఐక్‌మన్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. ఇంతకూ మొదట దారి చూపినవి వాకిటి కోళ్ళే!

ఇక మీ వంతు. ఆవుకు పై దవడలో ముందు పళ్ళు ఎన్ని? మేక కంటిపాప నిలువుగా ఉంటుందా, అడ్డంగా ఉంటుందా? మేక గడ్డికి తల వంచినప్పుడు ఆ గీత ఎటు తిరుగుతుంది? పుస్తకంలో వెతకవద్దు. అమ్మనో తాతయ్యనో వెంటబెట్టుకుని, పశువును బెదరగొట్టకుండా, దగ్గరగా నిలబడి చూడండి. చూసింది తారీఖు వేసి రాసుకోండి. జవాబులు వచ్చే నెల చెబుతాను. అప్పుడు మీరు కూడా నన్ను "నీకెలా తెలుసు?" అని అడగాలి సుమా!