నాణెములను దాచు విధము

కొంతకాలము క్రిందట మా విద్యార్థి యొకడు తన తాతగారి పెట్టెలోని రాగి నాణెము నొకదానిని మా చేతికిచ్చి, "పాఠశాలలో నుంచుడు, అందఱును చూతురు" అనెను. అది 1794వ సంవత్సరపు ఈస్టిండియా కంపెనీవారి డబ్బు. దానిపై కంపెనీ చిహ్నమును, రూపాయికి 48 అను నర్థమిచ్చు నింగ్లీషు మాటలును గలవు. బర్మింగుహాము నొద్దనున్న సోహో టంకశాలలో ముద్రించి యుత్తర సర్కారులకై పంపిన నాణెమది. శ్రీకాకుళము పేరిట నాడొక సర్కారే యుండెను గదా! మన సంతలలో నుప్పునకో చింతపండునకో అది యెన్ని చేతులు మాఱెనో! మేము దానిని తళతళలాడు క్రొత్త ప్లాస్టిక్కు ఆల్బములో నుంచితిమి. రెండు వర్షాకాలములు గడచిన పిమ్మట తీసిచూడగా, దానిపై పచ్చని జిగురు పేరుకొని, మునుపే యరిగియున్న తుది యంకె కానరాకుండెను. ఆ బాలుని తండ్రి మమ్ము నొక్కమాటయు ననలేదు. అనకుండుటయే మాకు మిక్కిలి భారమయ్యెను.

తప్పు మాదే. ఆ ఆల్బము పుటలు పి.వి.సి. యను మెత్తని ప్లాస్టిక్కుతో చేసినవి. క్రొత్త వానకోటువలె వాసన వేయుటచేతనే దానిని గుర్తింపవచ్చును. వేడికిని చెమ్మకును అది క్రమముగా చెడి హైడ్రోక్లోరిక్ ఆమ్లమును విడుచును. దానిని మెత్తపఱచుటకు కలిపిన నూనెలును పైకి స్రవించును. రాగికిని వెండికిని ఈ రెండును శత్రువులే. కళింగపట్నపు గాలి తగులు మన సీమలో నిక చెప్పవలయునా?

ఆల్బమునే కోరు మా సహోపాధ్యాయుల వాదమును మేము త్రోసివేయము. ఒక్క పుటలో వరుసగా నుంచిన రూపాయిలు చరిత్రపాఠమును చెప్పును. 1940కి పూర్వము రూపాయిలో 12 పాళ్లకు 11 పాళ్లు వెండి. 1940 మొదలు సగమే. 1947 నాటి రూపాయిలో వెండియే లేదు, అంతయు నికెలు. ఆ ప్రక్కనే 1943 నాటి చిల్లుకానిని చూచి, "నడుమ చిల్లేల?" యని యడుగని బాలుడు లేడు. యుద్ధకాలమున లోహపు పొదుపని చెప్పిన నాటినుండి వాడు మఱవడు. ఇట్టి సామాన్య నాణెములకు ఆల్బమే తగును. అయితే పుటలు పాలియెస్టరువి కావలయును.

మరల దొరకని నాణెముల సంగతి వేఱు. ముఖలింగము రాజధానిగా నేలిరని చరిత్రకారులు చెప్పు తూర్పు గంగరాజుల బంగారు పణము చొక్కాగుండీకంటె చిన్నది, అర గ్రాము తూగదు. పడుకొనిన నంది యొకవైపునను, రాజ్యసంవత్సరపు టంకె మఱియొకవైపునను ఉండును. ఆల్బపు టఱలో నది దొర్లుచు, పుట త్రిప్పినప్పుడెల్ల రాచుకొనును. దానికి హోల్డరే శరణ్యము. రెండట్టల నడుమ పారదర్శకపు పొరతో బిగించిన హోల్డరు వెల స్వల్పము. గట్టి ప్లాస్టిక్కు డబ్బీ మఱింత మేలు. అట్టలకు గ్రుచ్చు పిన్నులను అదిమి చదును చేయనిచో నవి ప్రక్కనాణెమును గీయును. ఉప్పుగాలికి త్రుప్పుపట్టును గూడ. అట్టపై నెవరింట, ఏయూర దొరకెనో వ్రాయవచ్చును. మా యభిప్రాయమున హోల్డరుకు గల గొప్ప గుణమిదియే. ఊరుపేరు లేని నాణెము సగము మూగది. (పొలములో నిక్షేపము దొరకినయెడల దాచుకొనరాదు. 10 రూపాయలకు మించిన దానిని కలెక్టరుగారికి తెలుపవలయునని 1878 నాటి చట్టము.)

శాతవాహనుల సీసపు నాణెములున్నవారు చెక్కపెట్టెను నమ్మరాదు. చెక్కనుండి వెడలు పుల్లని యావిరికి సీసము తెల్లని పొడియై రాలిపోవును. తల్లులకు మఱియొక మనవి: ఇత్తడి చెంబునకువలె నాణెమునకు చింతపండు రుద్దకుడు. చెంబు మెఱసినను నాణెపు వెల పోవును.

ఆ బాలుని డబ్బును తెలిసిన వారొకరు అసిటోనుతో కడిగి యిచ్చిరి. జిగురు పోయినది, అంకె రాలేదు. ఇప్పుడది హోల్డరులో నున్నది. అట్టపై వాని తాతగారి యూరి పేరు వ్రాసి, దానిక్రింద "తుది యంకె మా యజాగ్రత్తవలన పోయినది, అది 4" అని మేమే వ్రాసి యుంచితిమి.