జావ పలచన, మనిషి పలచన

పక్షవాతం వచ్చి, మింగుడుపడక, ముక్కులో గొట్టంతో దవాఖాన నుంచి ఇంటికొచ్చిన మనిషి నెలలు తిరగకుండానే సగమైతే ‘ఆ జబ్బే అట్లాంటిది’ అనేస్తారు. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. అందులో జబ్బు వాటా ఎంతో, మనం పోసే నీళ్ల వాటా ఎంతో ఎవరూ లెక్కెయ్యరు.

ఈ వారం హైదరాబాద్ గౌలిపురాలో ఓ ఇంట్లో చూశాను. ఇల్లాలు రాగిజావను గుడ్డలో వడకట్టింది. చాలదని మళ్లీ వడకట్టి, ఇంకో గ్లాసు నీళ్లు కలిపింది. ఇంత పలచనెందుకమ్మా అంటే, ‘‘చిక్కగుంటే పైపు జామైతది అన్నా. ఈ గల్లీకెళ్లి మళ్లా దవాఖానకు ఎట్ల తీస్కపోవాలె?’’ అంది. తలవైపు దిండ్లు ఎత్తు పెట్టడం, సిరంజి పైకి పట్టుకోవడం, ముందూ వెనకా నీళ్లు పోయడం, అన్నీ నర్సు నేర్పినట్టే చేస్తోంది. ఏం పొయ్యాలో మాత్రం ఆమెకు ఎవరూ చెప్పలేదు. చూడొచ్చినవాళ్లేమో తలా ఓ కొబ్బరిబోండం పెట్టి పోతున్నారు.

60 కిలోల మనిషికి రోజుకు 1,500 కెలోరీలైనా, 60-70 గ్రాముల ప్రొటీన్ అయినా పడాలి. రెండు పెద్ద చెంచాల పిండితో కాచిన గ్లాసు జావలో ఉండేది 65 కెలోరీలు. గ్లాసు కొబ్బరినీళ్లలో 40. పప్పు తేట సంగతి చెప్పనే అక్కర్లేదు, పప్పంతా గుడ్డలోనే ఉంటుంది. ఎనిమిదిసార్లు పోసినా మొత్తం 500 దాటడం కష్టం. ఇక మంచాన పడ్డ మనిషికి వీపు పుండ్లు మానేదెట్లా?

తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. కూనూరు నుంచి 1958లో మన ఊరికి వచ్చింది. బక్కచిక్కిన పిల్లల కోసం వాళ్లు తయారుచేసిన ‘హైదరాబాద్ మిక్స్’లో 40 గ్రాముల గోధుమలు, 16 శనగపప్పు, 10 పల్లీలు, 20 బెల్లం. అంతే, 330 కెలోరీలు, 11 గ్రాముల ప్రొటీన్. మన ఊరి పేరున్న పిండి మన ముసలాళ్ల దాకా ఎందుకు రాలేదు? దాన్నే గొట్టంలో పొయ్యమనను. షుగరున్నవాళ్లకు బెల్లం పనికిరాదు, పల్లీ పలుకు ఇరుక్కుందంటే అంతే సంగతులు. కానీ రాగులు మొలకెత్తించి, ఎండబెట్టి, పట్టిస్తే ఆ జావ అంతగా చిక్కబడదు. పిండి ఎక్కువ వేసినా గొట్టంలో జారుతుంది. దానికి పాలు, 45 కెలోరీలిచ్చే చెంచా నూనె, ఉడికించి మెత్తగా రుబ్బి వడకట్టిన గుడ్డు తోడైతే మనిషి నిలబడతాడు. ఎవరికి ఏది ఎంత పడుతుందో డైటీషియన్ చెప్పాలి. పది నిమిషాల పని.

ఆ పది నిమిషాలే దొరకవు. చేతికొచ్చే డిశ్చార్జి కాగితంలో ‘ఆర్‌టీ ఫీడ్స్ 200 ఎంఎల్, రెండు గంటలకోసారి’ అని ఉంటుంది, అదీ ఇంగ్లీషులో. ఆర్‌టీ అంటే ఈ ముక్కు గొట్టమే. కొలత ఉంది, తిండి పేరు లేదు. అది చదివిపెట్టేది మెడికల్ షాపు పిల్లాడు. వాడు పౌడరు డబ్బా చేతిలో పెడతాడు, తప్పు వాడిది కాదు. తెలుగులోనో ఉర్దూలోనో రాసివ్వమంటే మాత్రం ఆస్తి రాసిమ్మన్నట్టు చూస్తారు.

ఇక మన ఉస్మానియా దవాఖాన సంగతి చూడండి. 2020 జులైలో వాననీళ్లు వార్డుల్లోకి వచ్చాక దాని పాత భవనం ఖాళీ చేయించారు. కొత్తదానికి 2025 జనవరి 31న గోషామహల్‌లో శంకుస్థాపన చేసి, 2,000 పడకలన్నారు. సంతోషం. ఇంటికి పంపేముందు, ఇంటి మనిషి చేత ఓ పూట జావ కాయించి, పోయించి చూసే వంటగది ఒకటి ఆ ప్లానులో గీశారా? గీయకపోతే ఇప్పుడే గీయండి.