సేవ వేరు, వెట్టి వేరు

గాలికి కులం లేదంటారు. నిజమే, గాలికి లేదు. గాలి తగ్గాక వచ్చే మందుల జీపుకి ఉంది.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మూడో నాడు మా వైపు ఒక ఊరికి జీపు వచ్చింది. రామాలయం అరుగు మీద బల్ల వేశారు. మాలపల్లె, మాదిగపల్లె అక్కడికి అర కిలోమీటరు. మధ్యలో మోకాలిలోతు నీళ్లు. ‘వచ్చి చూపించుకోండి’ అని మైకులో చెప్పారు. నెలలు నిండిన పిల్ల ఎలా వస్తుంది? మంచాన పడ్డ ముసలాయన ఎలా వస్తాడు? వచ్చినా ఆ అరుగు ఎక్కనిస్తారా? సాయంత్రానికి జీపు వెళ్లిపోయింది. కాగితంలో మాత్రం ఆ ఊళ్లో వైద్య శిబిరం జరిగిపోయింది.

నాలుగో నాడు ఒక నర్సమ్మ వచ్చింది. మన పిల్లే. పట్నం ఆస్పత్రిలో పని. సెలవు పెట్టుకుని, సొంత డబ్బుతో మందులు కొని, తోటి నర్సులిద్దర్ని వెంటబెట్టుకుని వచ్చింది. చీర ఎగదోపి నీళ్లలో దిగి నేరుగా పల్లెకే నడిచింది. చర్చిలో తలదాచుకున్న వాళ్లందర్నీ వరసగా చూసింది.

ఆమె చేసింది పెద్ద వైద్యమేం కాదు. క్లోరిన్ బిళ్ల వేసిన నీళ్లు అరగంట ఆగి తాగమంది. విరేచనాల పిల్లలకి లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీ చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి పట్టమని, తల్లుల చేతనే కలిపించింది. పాము కరిస్తే తాడు కట్టొద్దు, కొయ్యొద్దు, కరిచిన కాలు కదపకుండా ఆస్పత్రికి మోసుకెళ్లండి, విరుగుడు మందు అక్కడే ఉంటుంది అని చెప్పింది. క్షయ మందులు, షుగరు మందులు నీళ్లలో కొట్టుకుపోయిన వాళ్ల పేర్లు రాసుకుని, వెళ్లి దెబ్బలాడి మందులు తెచ్చింది. క్షయ మందు మధ్యలో ఆపితే జబ్బు మొండికెత్తుతుంది. ఆ సంగతి జీపులో వచ్చినవాళ్లకి తెలీదా? తెలుసు. అడగలేదంతే.

ఇంకో సంగతి. చచ్చిన గొడ్లని ఎవరు ఎత్తాలి? ఊరి పెద్దలు మాదిగపల్లెకే కబురు పెట్టారు. మంచినీళ్ల ట్యాంకరు పంపడానికి గుర్తురాని పల్లె అప్పుడు గుర్తొచ్చింది. నర్సమ్మ కుర్రాళ్లని ఆపింది. ‘పుండున్న కాలితో ఆ నీళ్లలో దిగితే ఎలుకల మూత్రం వల్ల వచ్చే జ్వరం పట్టుకుంటుంది. ధనుర్వాతం వస్తుంది. బూట్లు, చేతి తొడుగులు, కూలి ఇస్తేనే దిగండి’ అంది. ‘ముందు కంపు పోనివ్వండి, తర్వాత చూద్దాం’ అన్నారు పెద్దలు. మనవాళ్లు కదల్లేదు. సాయంత్రానికి బూట్లూ వచ్చాయి, కూలీ వచ్చింది.

మర్నాడామె ఊళ్లోకి కూడా వెళ్లింది. రేకు తగిలి కాలు తెగిన ముసలమ్మకి కట్టు కట్టింది. మన కుర్రాళ్లకి కోపం వచ్చింది. ‘వాళ్లకెందుకు చేస్తావక్కా?’ అన్నారు. ‘గాయానికి మందు రాయడం నా చదువు తమ్ముడూ. ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలన్నది మాత్రం నా లెక్క’ అంది. ఆ లెక్కే మాకు నచ్చింది.

అయినా మేం ఆమెకి దండ వెయ్యం. ఎందుకంటే ఆ వారంలోనే ఒక అధికారి నోట విన్నాం: ‘మీ పిల్లే వచ్చి చూసుకుంది కదా, ఇంకేం కావాలి?’ అని. ప్రమాదమంతా ఇక్కడే ఉంది. మన పిల్ల మంచితనం సర్కారు తప్పించుకోవడానికి సందు కాకూడదు. ఆశా అక్కల సంగతి చూడండి. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ పెట్టినప్పుడే వాళ్లని ఉద్యోగులు అనలేదు, స్వచ్ఛంద కార్యకర్తలన్నారు. పేరు గొప్పది, జీతం లేదు, గౌరవ వేతనమే. తుపాను వస్తే ముందు నీళ్లలో దిగేది వాళ్లే. ఇష్టపడి చేసేది సేవ. గతిలేక చేయించుకునేది వెట్టి. మన తాతలు చేసిన వెట్టికి వలంటీరు అని కొత్త పేరు పెడితే ఒప్పుకుందామా?

1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయారు. ఇప్పుడు కబురు ముందే అందుతోంది, షెల్టర్లు వచ్చాయి, చావులు తగ్గాయి. ఆ మాట ఒప్పుకోవాలి. కానీ మన పల్లెలు ఇంకా పల్లంలోనే ఉన్నాయి. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత తమిళనాడు నాగపట్నంలో దళితుల్ని శిబిరాల్లో కలవనివ్వలేదని, నీళ్ల దగ్గర అడ్డుకున్నారని పత్రికలే రాశాయి. మరుసటి ఏడు వచ్చిన విపత్తు నిర్వహణ చట్టం, సెక్షన్ 61లో, సాయం ఇవ్వడంలో కులవివక్ష కూడదని రాసింది. అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ ప్రకారం ఎస్సీ, ఎస్టీలని ఆస్పత్రికి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి రానీకుండా అడ్డుకోవడం నేరం. చట్టం ఉంది. అడిగే నోరే కావాలి.

కాబట్టి అన్నలారా, అక్కలారా, మబ్బు పట్టకముందే చేసుకోవాల్సిన పనులున్నాయి. ప్రతి పల్లెలో గర్భిణులు, క్షయ, షుగరు, ఫిట్సు ఉన్నవాళ్ల జాబితా కుర్రాళ్లే రాసి పెట్టాలి. ఒక కాపీ ఆరోగ్య కేంద్రంలో ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి. మందుల బల్ల పల్లెలోనే వెయ్యాలని ముందే అర్జీ పెట్టాలి. బూట్లు, తొడుగులు, కూలి లేకుండా గొడ్డుని ముట్టుకోకూడదు. ఆశా అక్కలు జీతం అడిగిన రోజున పల్లె మొత్తం వాళ్ల వెనక నిలబడాలి.

1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ చెరువులో దిగి దోసిలి పట్టింది దాహానికి కాదు, హక్కుకి. మనం అడిగే క్లోరిన్ బిళ్లా అంతే. అది దయ కాదు, మన వాటా.

జై భీం!