వేట పోయింది, జాడ పోనివ్వొద్దు

పోయిన డిసెంబర్‌లో ఒక ఆదివారం, ఇంకా చీకటి ఉండగానే, మేం ముగ్గురం దాదర్ స్టేషన్‌లో బోరివలి లోకల్ ఎక్కాం. ఎనభై నాలుగేళ్ల మా తాత, నేను, ఆరేళ్ల మా పాప. బయల్దేరేముందు తాత పాపని ఎదురుగా నిలబెట్టి తనిఖీ చేశాడు. "పౌడర్ కడిగెయ్యి, వాసనొస్తది. కాళ్ల పట్టీలు తియ్యి, సప్పుడైతది." పాప ఏడుపు మొహం పెట్టి పట్టీలు తీసి నా చేతిలో పెట్టింది. సంచిలో జొన్నరొట్టెలు, కారం, రెండు నీళ్ల సీసాలు. వెళ్తున్నది సంజయ్ గాంధీ నేషనల్ పార్క్‌కి, దుప్పి జాడ తీయడానికి.

ఇంటికొచ్చాక, తాత నేలమీద వంగి పాపకి ఏదో చూపిస్తున్న ఫోటో మన ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టాను. అక్కడ మొదలైంది గొడవ. పెద్దమ్మ రాసింది: "పసిపిల్లకి వేట సంగతులు చెప్తారా? పాపం తగలదూ?" బాబాయి రాశాడు: "మనది వేటగాళ్ల వంశం. రక్తంలో ఉన్నది ఎక్కడికి పోతుంది!" ఇద్దరి మీదా నాకు గౌరవం ఉంది. కానీ ఇద్దరూ పొరపాటు పడుతున్నారని నాకనిపిస్తోంది. గ్రూప్‌లో రాస్తే కొట్టుకుపోతుందని ఇక్కడ రాస్తున్నాను. నేను కన్నడ మీడియంలో చదివినదాన్ని, తెలుగు చదవడం తర్వాత సొంతంగా నేర్చుకున్నాను. తప్పులుంటే సర్దుకోండి.

ముందు తాత సంగతి. ఇప్పుడు పుట్టిన పిల్లలకి తెలీదు కదా. తాతది నల్లమల అంచున, అచ్చంపేట వైపు పల్లె. 1958లో, పదిహేడేళ్ల వయసులో బొంబాయి వచ్చాడు. మొదట కామాఠీపురాలో మేనమామ దగ్గర ఉండి తాపీపనికి పోయాడు. నైజాం నేల నుంచి వచ్చిన మన కామాఠీ కూలీల పేరే ఆ పేటకి పెట్టారన్నది మీకు తెలిసిందే. తర్వాత మిల్లులో పని దొరికింది, దాదర్ పక్కన నాయిగాంలో చాల్‌లో ఖోలీ దొరికింది. 1982 జనవరి 18న మొదలైన మిల్లుల సమ్మెలో ఆ పని పోయింది. ఆ దెబ్బకే మా నాన్న కాంట్రాక్టు పని వెతుక్కుంటూ రాయచూర్ థర్మల్ ప్లాంట్ వైపు వెళ్లాడు. నా కన్నడం అలా వచ్చింది. తాత మాత్రం ఖోలీ వదల్లేదు.

అడవిలో తాత గడిపినది పదిహేడేళ్లే. కానీ అరవై ఏళ్లు బొంబాయి ఫుట్‌పాత్ మీద నడిచినా ఆ చదువు ఆయన మర్చిపోలేదు.

తాతకి ఎనిమిదేళ్లప్పుడు వాళ్ల నాయిన మొదటిసారి వెంట తీసుకుపోయాడట. వేటకి కాదు. వేటకి రెండ్రోజుల ముందు జాడ తీయడానికి. పిల్లల చేతికి ఆయుధం ఇచ్చేవాళ్లు కాదు. వాళ్ల పని చూడటం, గుర్తు పెట్టుకోవడం, నోరు మూసుకోవడం. తెల్లారేసరికి వాగు ఇసుకలో గిట్టల గుర్తు చూడాలి. అంచు పదునుగా ఉంటే ఇప్పుడే పోయినట్టు. అంచు రాలి, దాని మీద చీమల బారు నడిచుంటే పాతది. పెంటికలు తడిగా మెరుస్తుంటే దగ్గర్లోనే ఉంది. కుర్ర చెట్టుకి బెరడు ఒలిచినట్టుంటే మగది కొమ్ములు రుద్దింది. గుప్పెడు దుమ్ము వదిలి గాలి ఎటు పోతోందో చూసి, దానికి ఎదురుగా నడవాలి. వాసన మన వెనక్కి పోవాలి, జంతువు వైపు కాదు.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఇదంతా వింటే నాకు నా పనే గుర్తొచ్చింది. బగ్ కనిపించదు, అది వదిలిన గుర్తు కనిపిస్తుంది. లాగ్‌లో ఒక లైను, స్క్రీన్ మీద ఒక తేడా. ఎప్పుడు జరిగింది, దేని తర్వాత జరిగింది అని వెనక్కి నడవాలి. తొందరపడి తీర్మానం చేసినవాడు తప్పు చోట తవ్వుతాడు. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకి ఇది నేర్పడానికి ఆర్నెల్లు పడుతుంది. తాతకి ఎనిమిదేళ్లకే వచ్చింది.

ఇక ఆ ఆదివారం. బోరివలి పార్క్ దాదాపు 104 చదరపు కిలోమీటర్లు. నగరానికి నీళ్లివ్వడానికి కట్టిన విహార్, తులసి చెరువులు (1860, 1879) దీని లోపలే ఉన్నాయి. చిరుతలున్న అడవి కాబట్టి గైడుతోనే, అనుమతి ఉన్న దారిలోనే నడిచాం. తాత ఎక్కువ దూరం నడవలేడు. ఎండిన వాగు దగ్గర ఒక రాయి మీద కూర్చుని, కర్రతో చూపిస్తూ పోయాడు.

పాప మొదటి అరగంటలో పది సార్లు "జింక ఎక్కడ?" అని అడిగింది. తాత ఒకటే మాట: "జింకను ఎతకకు బిడ్డా. అది పోయిన తొవ్వ ఎతుకు." కాసేపటికి పాప దుమ్ములో రెండు చీలికల గుర్తు చూసింది. ముందు సన్నగా, వెనక వెడల్పుగా. దాని పక్కన చిన్నది ఇంకోటి. తాత అడిగాడు: "ఎన్ని పోయినయ్?" పాప వేళ్ల మీద లెక్కపెట్టి, "రెండు. అమ్మ, పాప" అంది. పైన చెట్టు మీద కొండముచ్చులు ఆకులు తెంపి కింద పడేస్తున్నాయి. వాటి కింద దుప్పులు చేరతాయని, కోతి పైనుంచి చిరుతని చూసి అరిస్తే దుప్పి నమ్ముతుందని తాత చెప్పాడు. చెప్పిన కాసేపటికి ఆ చెట్ల వెనక నిజంగానే అవి కనిపించాయి. నాలుగు చుక్కల దుప్పులు, ఒక కూన. పాప అరవలేదు. నా వేలు గట్టిగా పట్టుకుంది, అంతే.

అవి వెళ్లిపోయాక అడిగింది: "ముత్తాతా, అప్పుడు ఇలా కనిపిస్తే ఏం చేసేవాళ్లు?"

నేను మాట మార్చబోయాను. తాత నన్ను ఆపి, "కొట్టి తినేటోళ్లం" అన్నాడు.

"ఎందుకు?"

"ఆకలైతుండె."

"అమ్మ, పాప ఉంటే కూడా?"

తాత కొంచెంసేపు మాట్లాడలేదు. "పిల్లతల్లి జాడ కనిపిస్తే ఆ తొవ్వ ఇడిసిపెట్టాలని మా నాయిన చెప్పిండు. కరువొచ్చిన ఏడు అది గూడ సూడలే" అన్నాడు.

లోకల్‌లో తిరిగొచ్చేటప్పుడు పాప తాత ఒళ్లోనే పడుకుంది. ఆయన్ని చూసి భయపడలేదు, అసహ్యించుకోలేదు. నేను ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ జవాబు, దాన్ని పిల్ల తీసుకున్న తీరు.

పెద్దమ్మా, దాచితే పాపం పోదు. దాచినందువల్ల పిల్లలకి తెలిసేది ఒకటే, ఇంట్లో అడగకూడని ప్రశ్నలున్నాయని. మనం ఆదివారం దుకాణంలో కోడిని కోయించి తెచ్చుకుంటాం. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో పిల్లలకి చెప్పం. తాత తిన్న జంతువు ఎక్కడ నీళ్లు తాగేదో, ఎటు తిరిగేదో, పిల్ల ఉందో లేదో తాతకి తెలుసు. రెంటిలో ఏది ఎక్కువ పాపమో నేను తేల్చలేను. కన్నడ మీడియంలో చదివిన ప్రతివాళ్లకీ పుణ్యకోటి ఆవు కథ తెలుసు. ఆవు మాట నిలబెట్టుకుంటుంది, పులి సిగ్గుపడి ప్రాణం వదిలేస్తుంది. క్లాసంతా కళ్లు తుడుచుకుంటుంటే నాకు ఒకటే అనుమానం: మరి పులి ఏం తినాలి? అడిగితే టీచర్ కూర్చోమన్నారు. మా పాపని కూర్చోమనడం నాకిష్టం లేదు.

పైగా మన పురాణాలేవీ పిల్లల దగ్గర వేటని దాచలేదు. బంగారు జింక వెంట పడితే ఏమైందో తెలియని పిల్లలుంటారా? ఆ పంచవటి మనకి ఇక్కడే, నాసిక్‌లో. పాండురాజు జింక రూపంలో ఉన్న మునిని కొట్టి శాపం తెచ్చుకున్నాడు. శబ్దాన్ని బట్టి బాణం వేసి దశరథుడు మునికొడుకుని చంపాడు. ఇంకోవైపు శ్రీకాళహస్తి కన్నప్ప, వేటమాంసమే దేవుడికి పెట్టిన భక్తుడు. ఇవన్నీ మనం పిల్లలకి చెప్తూనే ఉన్నాం. ఇంట్లో మనిషి కథ దగ్గరికి వచ్చేసరికి మాత్రం తలుపు మూస్తాం.

బాబాయ్, ఇప్పుడు మీ మాట. వేట రక్తంలో లేదు. కడుపులో ఉండేది. అప్పట్లో అడవిలో రెండు వేటలు జరిగేవి. ఒకటి దొరలది, నవాబులది. ఫోటో కోసం, గోడకి తగిలించే తలకాయ కోసం. ఇవాళ హైదరాబాద్ వనస్థలిపురంలో కృష్ణజింకల పార్క్‌గా ఉన్న చోటు ఒకప్పుడు నైజాం వేటస్థలమే. రెండోది మనలాంటివాళ్లది, కూటి కోసం. మొదటి వేటలో ఉన్న మీసం తిప్పుడుని తెచ్చి రెండో వేటకి అతికించి వంశగౌరవం చేసుకుంటే తాతని తక్కువ చేసినట్టే. ఆయన ఒక్కసారి కూడా వేట గురించి గొప్పగా చెప్పుకోవడం నేను వినలేదు. ఇక చట్టం సంగతి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991 సవరణతో సరదా వేటకి ఉన్న చివరి సందు కూడా మూసుకుపోయింది. అది మంచికే. తుపాకీలు, జీపులు, సర్చ్‌లైట్లు వచ్చాక అడవికి మిగిలేది ఏముంటుంది? ఇవాళ ఎవరైనా "మన ఆచారం" అంటూ ఉచ్చు పెడితే అది నేరం, అందులో నాకు రెండో మాట లేదు.

కానీ చట్టం నిషేధించింది చంపడాన్ని. చూడటాన్ని కాదు. వేటతోపాటు చూపు కూడా పోయింది, అదీ నా బాధ.

కామాఠీపురా నుంచి నడిచిపోయేంత దూరంలోనే ఖేత్‌వాడీ ఉంది. 1896లో పుట్టి, అక్కడ పెరిగిన సలీం అలీ చిన్నప్పుడు ఎయిర్‌గన్‌తో పిచ్చుకలు కొట్టేవాడు. ఒకరోజు కొట్టిన పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ కనిపించింది. అదేంటని మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీని అడిగాడు. ఆయన కూడా వేటగాడే. కసరలేదు, చప్పట్లూ కొట్టలేదు. బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీకి వెళ్లి కనుక్కోమని పంపాడు. ఆ కుర్రాడే దేశానికి పక్షుల గురించి నేర్పిన మనిషి అయ్యాడు. చంపిన దాన్ని దగ్గరగా చూసి ప్రశ్న వేసినప్పుడు, పెద్దవాళ్లు ఆ ప్రశ్నని పోనివ్వలేదు. మనం చెయ్యాల్సింది అదే అనుకుంటాను.

మన నల్లమలలోనే చూడండి. తాత తిరిగిన అడవిలో ఇప్పుడు పులుల అభయారణ్యం ఉంది. అక్కడ పులుల అడుగులు చూసి చెప్పే పనిలో చెంచులు ఉన్నారు. ఒకప్పటి వేట చదువు ఇప్పుడు జంతువుని కాపాడే చదువైంది.

ఇంకో మాట. పిల్లకి దుప్పి ముద్దుగా కనిపించింది, మంచిదే. కానీ కృష్ణా ఒడ్డున, నారాయణపేట వైపు రైతుని అడగండి. కృష్ణజింకల మందలు పడి చేను తినేసి పోతుంటే వాళ్లు రాత్రిళ్లు కాపలా కాస్తారు. తెలంగాణ రాష్ట్ర జంతువు దుప్పి, ఆంధ్ర రాష్ట్ర జంతువు కృష్ణజింక. కాగితం మీద గౌరవం, చేలో నష్టం. ఈ రెండూ పిల్లలకి తెలియాలి. లేకపోతే వాళ్లు జింకని బొమ్మలా ప్రేమిస్తారు, ఊళ్లో బంధువుని రాక్షసుడు అనుకుంటారు.

తాత వాగు దగ్గర గిట్టల గుర్తు చూపిస్తూ 'జాడ' అన్నాడు. నాకు బళ్లో నేర్పిన కన్నడంలో 'జాడు'. పాప బళ్లో చదివే మరాఠీలో 'మాగ్'. మరాఠీలో మగ్గాన్ని కూడా 'మాగ్' అనే అంటారు. ఇరవై ఏళ్లకు పైగా మిల్లులో పనిచేసిన తాతకి ఈ సంగతి చెబితే నవ్వి, "అయితే నేను రెండు మాగులూ నేర్చిన" అన్నాడు. రెండో మాగ్ మిల్లులతో పోయింది. మొదటిదాన్ని ఇంకా కొన్నాళ్లు నిలబెట్టుకోవచ్చు.

అందుకని నా మాట ఇది. మన ఇళ్లల్లో అడవి తెలిసిన పెద్దవాళ్లు ఇంకా ఉండగానే, పిల్లల్ని వాళ్లతో ఒక్క పూటైనా పంపండి. గైడుతో వెళ్లండి, దారి దాటొద్దు. జంతువులకి తిండి వెయ్యొద్దు. ఈక, కొమ్ము, రాయి ఏదీ ఇంటికి తేవొద్దు. ఫోన్ సంచిలో పెట్టండి. పిల్లలు అడిగిన దానికి, పెద్దవాళ్లు చెప్పిన దానికి మధ్యలో మనం అడ్డం పడొద్దు. నేను పడబోయాను, తాత ఆపాడు కాబట్టి సరిపోయింది.

మళ్లీ ఫిబ్రవరిలో, ఎండలు ముదరకముందే వెళ్దామనుకుంటున్నాం. పెద్దమ్మా, నువ్వు కూడా రా. రొట్టెలు నేనే చేస్తాను. కాళ్ల పట్టీలు మాత్రం ఇంట్లో పెట్టి రావాలి.