డిక్కీ మొండికేసిన వేళ

కారు డిక్కీ సరిగ్గా పెళ్లిరోజునే మొండికేయడం కథలలో మాత్రమే జరుగుతుందని మేము అనుకునేవాళ్లం. కిందటి మామిడిపళ్ల కాలంలో మేనకోడలి పెళ్లికి కృష్ణగిరి నుంచి హోసూరు వెళ్లినప్పుడు ఆ అభిప్రాయం మార్చుకోవలసి వచ్చింది.

దూరం సుమారు 50 కిలోమీటర్లు. ముహూర్తం ఉదయం తొమ్మిది గంటలకు. చీకటితోనే సామాను సర్దాము. అడుగున పుట్టింటి మంగళసూత్రం, మధుపర్కాలు ఉన్న పెట్టె. దాని మీద, మేనమామ హోదాలో మేము పెళ్లికూతురిని కూర్చోబెట్టి తేవలసిన గంప. ఖాళీ గంప ఎందుకు తీసుకెళ్లాలని మా ఇంటావిడ దాని నిండా మల్గోవా పళ్లు పోయించింది. కృష్ణగిరి నుంచి వెడుతూ పళ్లు లేకుండా వెళ్లడమా! డిక్కీ మూత పడలేదు. అబ్బాయీ మేమూ కలిసి మీద పడి అదిమితే టక్కుమని పడింది. తరువాతి కథంతా ఆ టక్కులోనే ఉందని అప్పుడు తెలియలేదు.

శూలగిరిలో కాఫీ తాగి, ఏడున్నరకు మండపం చేరాము. డ్రైవరు సీటు పక్కనున్న మీట లాగితే వెనుక చిన్న చప్పుడైంది గాని మూత కదలలేదు. మళ్లీ లాగాము, ఇంకా గట్టిగా. బావగారు ఎక్కడినుంచో గునపం తెచ్చారు. పురోహితులు వచ్చి మధుపర్కాలేవని అడిగి వెళ్లారు. అక్కయ్య ఏమీ అనలేదు. కారును చూసింది, మమ్మల్ని చూసింది. అంతకంటె నాలుగు మాటలు అన్నా బాగుండేది.

అరటిబోదెలు దింపుతున్న లారీ డ్రైవరు ఈ తతంగమంతా చూసి దగ్గరకొచ్చాడు. "గునపం వద్దు సామీ. లాగేది చాలు, నొక్కల్ల" అన్నాడు. రెండు అరచేతులూ మూత మీద, తాళం ఉన్నచోట ఆనించి బరువంతా మోపాడు. "ఇప్పుడు లాగండి" అన్నాడు. లాగాము. మూత లేచింది.

ఆ మర్మం మాకు తరువాత బోధపడింది. మూతకుండే కొక్కెం కారుకున్న కడ్డీని పట్టుకుంటుంది. కొక్కెం జారకుండా ఒక చిన్న అడ్డుపలక కాస్తుంటుంది. మీట లాగితే తీగ ఆ పలకను పక్కకు జరుపుతుంది. లోపలి సామాను మూతను పైకి తన్నుతుంటే కొక్కెం పలకను బిగించేస్తుంది. తీగ బలం చాలదు. పైనుంచి నొక్కితే ఆ బిగువు సడలుతుంది. మేము మరి నాలుగుసార్లు లాగి తీగ తెంపి ఉంటే గునపమే గతి అయ్యేది.

కనుక ముందు చెవితో పని. చప్పుడు వినిపించి మూత రాకపోతే బిగుసుకున్నదన్నమాట, నొక్కి చూడాలి. అదే దుమ్ము వల్ల అయితే తెరిచిన తరువాత కొక్కేనికి కాస్త నూనె పట్టించాలి. మీట చేతికి వదులుగా వచ్చేస్తే తీగ ఊడింది, లేదా తెగింది. బొత్తాముతో తెరిచే కార్లలో అసలు చప్పుడే లేకపోతే లోపం కరెంటుది: బ్యాటరీ, ఫ్యూజు, కాకుంటే మూత మడతబందు దగ్గర రబ్బరు గొట్టంలోంచి పోయే వైరు. మూత ఎత్తిన ప్రతిసారీ ఆ వైరు వంగుతుంది, ఏళ్లు గడిచాక తెగుతుంది. బ్యాటరీ చచ్చినా చాలా కార్లలో రిమోటు లోపల చిన్న తాళంచెవి దాగి ఉంటుంది. అది పట్టే కన్నం మీ డిక్కీకి ఉన్నదో లేదో ఇంట్లో ఉన్నప్పుడే చూసుకోండి. 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడరుకు ఈ బాధ లేదు. దాని డిక్కీకి బయట పిడి, తాళంచెవి. తుప్పు పట్టేదేమో గాని కరెంటు లేదని అలిగేది కాదు.

వెనుక సీటు మడిచి లోపలికి దూరడం ఇంకొక దారి. గ్యాసు సిలిండరున్న కార్లలో అది మూసుకుపోయినట్లే. అక్కడ స్క్రూడ్రైవరుతో కెలకవద్దు, మెకానిక్కును పిలవండి.

పిల్లలున్న ఇళ్లవారికి ఇంకొక సంగతి. 1995లో శాన్‌ఫ్రాన్సిస్కోలో దొంగలు ఒక దంపతులను వారి కారు డిక్కీలోనే పెట్టి మూసేశారు. బయటపడిన ఆ ఇల్లాలు, జానెట్ ఫెనెల్, ఊరుకోలేదు, ఏళ్లతరబడి పోరాడింది. 2001 సెప్టెంబరు నుంచి అమెరికాలో కొత్త కార్ల డిక్కీలకు లోపలినుంచి తెరిచే ఏర్పాటు తప్పనిసరి అయింది. చీకటిలో మెరిసే పిడి చాలా కార్లలో ఉంటుంది. మన కారులో ఉన్నదో లేదో చూసి, ఉంటే పిల్లలకు చూపించాలి. లేకపోతే ఇంటిముందు ఆపిన కారుకు ఎప్పుడూ తాళం వేసి ఉంచాలి. దాగుడుమూతలలో దూరిన పిల్లవాడికి మన ఎండలో ఎంతో వ్యవధి ఉండదు. అప్పుడు నొక్కడాలూ వినడాలూ పెట్టుకోకుండా తలుపు అద్దం పగులగొట్టి, వెనుక సీటు పడగొట్టి బిడ్డను తీయవలసిందే. బావగారి గునపం అక్కడికి పనికొస్తుంది.

ఇక పెళ్లి ముహూర్తానికే జరిగింది. గంపలో పైవరస పళ్లు నలిగి, రసం కారి, పెట్టె సందులోంచి మధుపర్కాల అంచుకు అంటింది. చూసినవాళ్లంతా పసుపే అనుకున్నారు.