రెండు బండ్లు

సేనాపతుల జీవితచరిత్రలు చదివేటప్పుడు నాకొక దురలవాటు వుంది. యుద్ధాల పేజీలు గబగబా తిప్పేసి, భార్యాబిడ్డల ప్రసక్తి ఎక్కడ వస్తుందా అని వెతుకుతాను. చరిత్ర పాఠాలు చెప్పే మా మిత్రులు దీనికి నన్ను వేళాకోళం చేస్తూ వుంటారు. చేయనీండి. ఇంటి సంగతి తెలియనిదే మనిషి సంగతి తెలిసినట్టు కాదని, తెలుగు పాఠాలు చెప్పుకునే నా నమ్మకం. ఈ వారం అలా నా చేతికి చిక్కినవాడు థామస్ ఫెయిర్‌ఫాక్స్ ప్రభువు.

క్రామ్‌వెల్ పేరు హైస్కూలు పిల్లవాడికి కూడా తెలుసు. కాని ఇంగ్లండులో రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం వచ్చినప్పుడు, 1645లో పార్లమెంటు కొత్తగా కూర్చిన సేనకు సర్వసేనాపతి క్రామ్‌వెల్ కాదు, ఫెయిర్‌ఫాక్స్. అప్పటికి ఆయన వయస్సు ముప్ఫయిమూడు. క్రామ్‌వెల్ ఆయన చేతికింద పనిచేసినవాడే. ఆ యేడే నేస్బీ దగ్గర రాజు సైన్యం నడుము విరగగొట్టినవాడు ఈయన.

1612లో యార్క్‌షైరులో పుట్టాడు. మనిషి చామనచాయ; అందుచేత ‘నల్ల టామ్’ అని పేరు. యుద్ధంలో పులి, సభలో మౌని. పదిహేడో యేట హాలండులో హొరేస్ వియర్ అనే పేరుమోసిన సేనాని దగ్గర యుద్ధవిద్య నేర్చుకున్నాడు. 1637లో ఆ గురువుగారి కూతురు ఆన్‌నే పెళ్ళాడాడు. మరుసటి యేడు మేరీ పుట్టింది. తర్వాత పుట్టిన ఆడపిల్ల పసితనంలోనే పోయింది. ఇక ఆ ఇంటికి మేరీ ఒక్కతే దీపం.

1643 వేసవిలో అడ్వాల్టన్ మూర్ దగ్గర ఆయన పక్షం చిత్తుగా ఓడిపోయింది. ఆయన బ్రాడ్‌ఫర్డు పట్టణంలో చిక్కుబడ్డాడు, తుపాకిమందు నిండుకుంది. తెల్లవారకముందే శత్రువుల మధ్యనుంచి దూసుకుపోవడం తప్ప గత్యంతరం లేదు. భార్య ఒక అధికారి గుర్రం మీద, అతని వెనుక కూర్చుంది. ఆయన ఎలాగో దాటిపోయాడు గాని, ఆవిడ పట్టుబడింది.

మేరీకి అప్పటికి ఐదేళ్ళు నిండలేదు. దాది తన ముందు కూర్చోబెట్టుకుని గుర్రం మీద మోసుకుపోయింది. దారిలో తండ్రి మణికట్టుకు తుపాకిగుండు తగిలింది. నలభై గంటలు ఆయన గుర్రం దిగలేదు. చివరకు పిల్ల సొమ్మసిల్లి పోయింది. ఇక బతకదనుకుని, దగ్గరలో వున్న ఒక ఇంట్లో దాదితోసహా దింపి, తాను ముందుకు సాగిపోయాడు. హల్ పట్టణం చేరి, మర్నాడు పిల్లకోసం ఓడ పంపాడు. పిల్ల తేరుకుని వుంది! వృద్ధాప్యంలో తన జ్ఞాపకాలు వ్రాసుకున్నప్పుడు, ఎన్నో యుద్ధాలు చూసిన ఆ మనిషి ఈ సంగతి మరచిపోలేదు.

కొద్ది రోజులకు మరో వింత జరిగింది. శత్రుసేనాపతి న్యూకాసిల్ ప్రభువు, పట్టుబడిన ఆన్‌ను తన సొంత గుర్రాల బండిలో కూర్చోబెట్టి, కాపలా రౌతులనిచ్చి, మర్యాదగా భర్త దగ్గరకు పంపించాడు. ఈ బండిని జ్ఞాపకం వుంచుకోండి. మళ్ళీ దీనితో పని వుంది.

రాజు ఓడిపోయాడు. 1649 జనవరిలో ఆయనపై విచారణ మొదలయింది. న్యాయాధిపతుల జాబితాలో మొదటి పేర్లలో ఫెయిర్‌ఫాక్స్ పేరు వుంది. ఆయన ఒక్క సన్నాహ సమావేశానికి వెళ్ళి, మళ్ళీ ఆ ఛాయలకు పోలేదు. విచారణ సభలో ఆయన పేరు పిలిచినప్పుడు, పైన గ్యాలరీలోనుంచి ముసుగు వేసుకున్న ఒక స్త్రీ, ఇక్కడికి రాకుండా వుండేపాటి తెలివి ఆయనకు వుందని కేకవేసింది. మరొకరోజు, ఇంగ్లండు ప్రజలందరి పేరిట ఈ విచారణ అని చదువుతూవుంటే, ప్రజల్లో సగంమంది కూడా మీవైపు లేరని అరిచింది. గ్యాలరీవైపు తుపాకులు ఎక్కుపెట్టమని అక్కడి సైనికాధికారి ఆజ్ఞాపించాడు. ఆ స్త్రీ ఆన్.

దేశంలోని సైన్యమంతా భర్త చెప్పుచేతల్లో వుంది. ఆయన విచారణకు వెళ్ళలేదు, అడ్డమూ వెళ్ళలేదు. జనవరి 30న రాజు తల తెగింది. ఆయన మనస్సులో వున్న మాట బహుశా భార్య నోట వచ్చింది. మరుసటి యేడు స్కాట్లండుమీదికి దండెత్తి వెళ్ళమన్నప్పుడు మాత్రం తనవల్ల కాదని పదవి వదులుకుని, నన్ ఆపిల్టన్‌లోని తన ఇంటికి వెళ్ళిపోయాడు. అక్కడ మేరీకి భాషలు నేర్పడానికి ఆండ్రూ మార్వెల్ అనే కవిని పెట్టాడు. ఆ కవి ఆ ఇంటిమీద ఒక దీర్ఘకావ్యమే వ్రాశాడు. అందులో శిష్యురాలిని కూడా మరచిపోలేదు.

పిల్ల పెళ్ళికి ఎదిగింది. చెస్టర్‌ఫీల్డు ప్రభువుతో సంబంధం దాదాపు ఖాయమయింది. అప్పుడు వచ్చాడు జార్జి విలియర్స్, బకింగ్‌హామ్ డ్యూక్. రాజు పిల్లలతోపాటు పెరిగినవాడు, అందగాడు, మాటకారి. రాజు పక్షం వహించినందుకు పార్లమెంటు అతని ఆస్తి లాక్కుని, అందులో కొంత ఫెయిర్‌ఫాక్స్‌కే ఇచ్చింది. హెల్మ్‌స్లీ కోట అందులోదే. 1644లో ఆ కోట ముట్టడిలోనే ఫెయిర్‌ఫాక్స్ భుజానికి గుండు తగిలింది. పోయిన ఆస్తి తిరిగి రావాలంటే ఆ ఇంటి పిల్లను చేసుకోవడంకన్న దగ్గరదారి ఏముంది? మేరీ కూడా అతని రూపానికి ముగ్ధురాలయింది. 1657 సెప్టెంబరు 15న పెళ్ళి జరిగింది. మామగారు నెత్తురోడ్చి పట్టిన కోటను అల్లుడుగారు పల్లకీ ఎక్కి పుచ్చుకున్నట్టయింది.

ఈ వియ్యం క్రామ్‌వెల్‌కు కంటగింపయింది. అల్లుడిని ఖైదులో పెట్టించాడు. మౌనిగా పేరుపడ్డ ఫెయిర్‌ఫాక్స్ అల్లుడికోసం క్రామ్‌వెల్ ఎదటికి వెళ్ళి తగవులాడి వచ్చాడు. క్రామ్‌వెల్ పోయిన తర్వాత, 1659లో, ఇరవైవేల పౌన్లకు పూచీపడి విడిపించాడు. కూతురికోసం ఏ తండ్రి అయినా ఇంతకన్న ఏం చేస్తాడు?

1660లో రాజకుమారుడు తిరిగివచ్చి సింహాసనం ఎక్కాడు. అల్లుడి దశ తిరిగింది. నడత కూడా తిరిగింది. ష్రూస్‌బరీ ప్రభువు భార్యతో అతని వ్యవహారం లోకమంతా చెప్పుకుంది. 1668 జనవరిలో ఆ భర్తతో కత్తియుద్ధం జరిగింది. తగిలిన గాయంతో ఆ భర్త రెండు నెలలకు పోయాడు. డ్యూక్ ఆవిడను తిన్నగా తన ఇంటికే తీసుకువచ్చాడు.

తర్వాతి ముచ్చట ఆ యేడు మే నెలలో శామ్యూల్ పీప్స్ తాను విన్నట్టుగా డైరీలో వ్రాసుకున్నాడు. తానూ, ఆవిడా ఒక్క కప్పుకింద వుండడం కుదరదని మేరీ అందట. తానూ అలాగే అనుకున్నాననీ, అందుకే ఆమెను పుట్టింటికి తీసుకుపోవడానికి బండి సిద్ధం చేయించాననీ భర్త జవాబిచ్చాడట.

ఇదీ రెండో బండి. శత్రువు పంపిన బండిలో తల్లి భర్త దగ్గరకు చేరింది. భర్త పిలిపించిన బండి కూతురిని పుట్టింటికి పంపడానికి వాకిట్లో నిలబడింది.

ఆ పుట్టింట తండ్రి కీళ్ళ జబ్బుతో చక్రాల కుర్చీకి అంటుకుపోయి వున్నాడు. 1671లో కన్నుమూశాడు. బిరుదు జ్ఞాతికి పోయింది. డ్యూక్ 1687లో పోయాడు. మేరీ బిడ్డలు లేకుండానే 1704దాకా బతికింది. దిద్దలేని భర్త తప్పులను ఆమె ఓర్పుతో భరించిందని బంధువు ఒకాయన మెచ్చుకుంటూ వ్రాశాడు. ఆ మాట ఆయన వ్రాశాడు, మేరీ వ్రాయలేదు.

రాత్రి భోజనాల దగ్గర ఈ కథంతా మా ఆవిడకు చెప్పాను. ఎక్కడెక్కడి యుద్ధాలూ గెలిచినవాడు కూతురి కాపురం మాత్రం గెలిపించలేకపోయాడు చూశావా అని ముక్తాయింపు కూడా ఇచ్చాను. ఆవిడ మజ్జిగ పోస్తూ, “ఆ రెండో బండి వచ్చేనాటికి తల్లి వుందా?” అని అడిగింది.

“లేదు. 1665లోనే పోయింది” అన్నాను.

“అదీ సంగతి. కొలువులో తుపాకులకు జడవని మనిషి, అల్లుడి వాకిట్లో నోరు మూసుకుంటుందా?” అంది.

చరిత్ర చెప్పే మా మిత్రులు దీనికేమంటారో, రేపు కాలేజీలో అడగాలి.