చెయిను బిగువు

సైకిలు తొక్కేవాళ్లు టైర్లలో గాలి చూస్తారు, బ్రేకులు చూస్తారు, బెల్లు కూడా మోగించి చూస్తారు. చెయిను సంగతి మాత్రం అది వూడిపోయి, చేతులకు నల్లమసి అంటినప్పుడే జ్ఞాపకం వస్తుంది. పాపం, కాలి బలాన్ని చక్రానికి మోసుకుపోయేది అదొక్కటే. మరీ బిగించామా, మొరాయిస్తుంది. మరీ వదిలామా, పారిపోతుంది.

మా మేనల్లుడు ఇంజనీరింగు చదువుతున్నాడు. తెలిసినవాళ్ల దగ్గర వంపు హేండిలున్న పాత గేర్ల సైకిలొకటి చవగ్గా కొని, గేర్లన్నీ పీకేయించి, వెనక ఒకే పళ్లచక్రం వుంచాడు. పైన కొత్త రంగు. బరువు తగ్గుతుంది, రిపేర్లు తగ్గుతాయి అన్నాడు. రెండూ నిజమే. కాని పోయిన నెల ఫ్లైఓవరు యెక్కుతూ సీటుమీంచి లేచి తొక్కేసరికి చెయిను వూడింది. వాడు రోడ్డుమీద పడ్డాడు. వెనకాల బస్సు డ్రైవరు మెలకువగా వున్నాడు కాబట్టి మోచేతి చర్మంతో సరిపోయింది.

ఆ రాత్రే మా చెల్లెలు ఫోను చేసింది: “అన్నయ్యా, ఆ దిక్కుమాలిన బండిని పాతసామాన్లవాడికి యిచ్చెయ్యమని నువ్వైనా చెప్పు. నా మాట వినడు!”

పక్కనుంచి వాడి గొంతు: “మావయ్యా, నువ్వొచ్చి చూసి చెప్పు. నువ్వు పనికిరాదంటే నేనే యిచ్చేస్తాను.”

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి చెయిన్ల తీర్పెందుకని మీరనుకోవచ్చు. ఇరవై యేళ్లుగా కాలేజీకి సైకిలుమీదే వెళ్తున్నాను. ఆ పాటి అర్హత వుందనుకుని ఆదివారం పొద్దున్నే పానాలు సంచిలో వేసుకుని బయలుదేరాను.

గేర్ల సైకిలుకు వెనక చిన్న చక్రాలతో ఒక స్ప్రింగు చెయ్యి వేలాడుతూ వుంటుంది. చెయిను యెంత వదులైనా ఆ చెయ్యే లాగి పట్టుకుంటుంది. గేర్లతోపాటు దాన్నీ తీసేస్తే చెయిను దిక్కులేనిదవుతుంది. అప్పుడిక బిగువంతా వెనక చక్రాన్ని జరపటంలోనే వుంది. మన మామూలు సైకిళ్లకు షాపువాడు పానాతో నట్లు వదులుచేసి, చక్రాన్ని వెనక్కి లాగి బిగిస్తాడే, అదే పని. అదృష్టం కొద్దీ వీడి బండి పాతకాలపుది. ఇరుసు కూర్చునే గాడి కాస్త ఏటవాలుగా పొడుగ్గా వుంది. ఈ మధ్య వచ్చే చాలా బళ్లలో ఆ గాడి నిలువుగా వుంటుంది, చక్రం జరగదు. వాటికి స్ప్రింగుతో ఒక చిన్న చక్రం విడిగా తగిలించుకోవలసిందే.

చక్రం వంక చూస్తే జబ్బు తెలిసిపోయింది. టైరు యెడమవైపు గొట్టానికి దాదాపు రాసుకుంటున్నది. చెయిను కుడివైపు వుంటుంది కదా, గట్టిగా తొక్కినప్పుడల్లా ఇరుసును కుడిపక్కనే ముందుకు గుంజుతుంది. గాడిలో కూడా దళసరిగా రంగు పూశారు. నట్టు యినుమును పట్టుకోక రంగును పట్టుకుంది. రంగు చితికింది, ఇరుసు జారింది, చెయిను వేలాడింది.

రంగు గీకించాను. తరవాత పెడలు నెమ్మదిగా తిప్పమన్నాను. ముందు పళ్లచక్రం సాధారణంగా అచ్చంగా గుండ్రంగా వుండదు. ఒకచోట చెయిను బిగుస్తుంది, ఒకచోట సడలుతుంది. బిగువైన చోట ఆపి, చెయిను నడిమధ్య వేలితో పైకీ కిందికీ కదిపితే మొత్తం అరంగుళం ఆడాలి. అక్కడ అసలు ఆడకపోతే తొక్కినప్పుడు కరకరమంటుంది, బేరింగులు అరుగుతాయి. ముందు కుడి నట్టు బిగించి, టైరును రెండు గొట్టాల మధ్యకు తెచ్చి, అప్పుడు యెడమ నట్టు. గాడి ఏటవాలు కనుక చక్రం జరిగితే బ్రేకు కట్టెలు రిమ్ముకు సరిగా తగులుతున్నాయో లేదో మళ్లీ చూడాలి.

“ఇలా లాగుతూ లాగుతూ గాడి చివరకొస్తేనో?” అన్నాడు మావాడు. మంచి ప్రశ్నే. చెయిను సాగింది అంటాం గాని యినుము సాగదు. లోపలి పిన్నులు అరిగి లంకెలు వదులవుతాయి. లంకె అరంగుళం, వెడల్పుదీ సన్నందీ జతగా వుంటాయి కనుక కోస్తే జతనే, అంటే అంగుళం కోయాలి. అప్పుడు ఇరుసు అరంగుళం ముందుకొస్తుంది. అయితే కోసేముందు స్కేలు పెట్టి కొలవాలి. కొత్త చెయినులో 24 లంకెలు సరిగ్గా 12 అంగుళాలు. దాని మీద అంగుళంలో 16వ వంతు పెరిగిందంటే కోయటం కాదు, మార్చటమే. 8వ వంతుదాకా వూరుకుంటే పళ్లచక్రాలకూ ముప్పు.

1880లో మాంచెస్టరులో హేన్స్ రెనాల్డ్ పేటెంటు పుచ్చుకున్న రోలరు చెయినే స్వల్ప మార్పులతో నేటికీ మనల్ని మోస్తున్నది. ఇన్నేళ్లు నిలిచిన వస్తువును ఒక పూట పడేసిందని తిట్టటం న్యాయం కాదు.

మా చెల్లెలు అంతా విని తీర్పు తనే చెప్పింది: “సరే, వుంచుకో. ఆదివారం ఆదివారం నా యెదట చూసి మరీ తొక్కాలి.” ఇప్పుడు ఆవిడే వేలితో చెయిను కదిపి చూస్తున్నదట!

మీ యింట్లోనూ పిల్లవాడో పిల్లో సైకిలుమీద బడికి వెళ్తుంటే, వారానికొకసారి ఆ వేలు మీరూ పెట్టండి. అరంగుళం ఆడితే నిశ్చింతగా పంపండి. అంతకుమించి వేలాడితే, బడికి ఆలస్యమైనా సరే, ముందు పానా తియ్యండి.